గోదావరి డెల్టా పాత టోపో మ్యాపులు: మీ ఊరి షీటు వెతకడం, చదవడం, నేటి మ్యాపుతో పోల్చడం

ధవళేశ్వరం దిగువన గోదావరి ఏ తరానికీ ఒకేలా కనిపించదు. ఒక గట్టు కోస్తుంది, ఎదురు గట్టున మేట వేస్తుంది. తాత సాగు చేసిన లంక మనవడి నాటికి నీళ్లలో ఉంటుంది, ఎక్కడో దిగువన కొత్త లంక తేలుతుంది. కోనసీమలో, నరసాపురం వైపు, యానాం చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా పెద్దవాళ్లు ఇలాంటి సంగతి ఒకటి చెబుతారు. ఆ మాటలో ఎంత నిజముందో, నది ఎటు నుంచి ఎటు జరిగిందో చూపించగల సాక్ష్యం పాత టోపోగ్రాఫిక్ మ్యాపుల్లో, అంటే నేల ఎత్తుపల్లాలు, నీళ్లు, ఊళ్లు, దారులు కొలిచి గీసిన మ్యాపుల్లో ఉంది. వాటిని ఎలా పట్టుకోవాలో, ఎలా చదవాలో, నేటి మ్యాపు మీద ఎలా పరచాలో వరుసగా చెబుతాను. కంప్యూటరు మీద కొంచెం ఓపిక ఉంటే చాలు, సర్వే చదువు అక్కర్లేదు.

ముందుగా ఒక మాట. మ్యాపు చదవడం నేర్పే పాఠాలు చాలావరకు కాంటూరు గీతలతో, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలతో మొదలవుతాయి. కొండ ప్రాంతానికి అది సరైన పద్ధతే. డెల్టాలో మాత్రం ఆ గీతలు దాదాపు ఉండవు. పాత అంగుళం మ్యాపుల్లో (అంగుళానికి మైలు చొప్పున గీసినవి) కాంటూరు సాధారణంగా 50 అడుగులకు ఒకటి, తర్వాతి మెట్రిక్ మ్యాపుల్లో 20 మీటర్లకు ఒకటి. డెల్టాలో ఎక్కువ భాగం ఆ మొదటి గీత కంటే కిందే ఉంటుంది. అంచేత ఇక్కడ మ్యాపు చదవడమంటే నీటి జాడ చదవడమే. పాయలు, గట్లు, కాలువలు, రేవులు, ఇసుక మెరకలు, ఊళ్లు కూర్చున్న తీరు చూడాలి.

షీటు నంబరు మీరే కట్టుకోండి

దేశపు మ్యాపులు గీసే ప్రభుత్వ సంస్థ సర్వే ఆఫ్ ఇండియా. దాని షీట్ల నంబర్లలో ఒక లెక్క ఉంది. అది తెలిస్తే ఎవరినీ అడగకుండానే మీ ఊరి షీటు నంబరు చెప్పగలరు. పాత మ్యాపుల కోసం ఏ లైబ్రరీకి వెళ్లినా మొదట అడిగేది ఈ నంబరే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ సేపు కూర్చోవడం మంచిది.

దేశాన్ని 4 డిగ్రీల చదరాలుగా విడగొట్టి ఒక్కోదానికి నంబరు ఇచ్చారు. 16 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం మధ్య ఉన్న చదరం నంబరు 65. గోదావరి డెల్టా మొత్తం అందులోనే ఉంది. ఈ చదరంలో ఒక్కో డిగ్రీవి 16 చిన్న చదరాలు. వాటికి ఏ నుంచి పీ దాకా అక్షరాలు. అక్షరాలు అడ్డంగా కాకుండా నిలువుగా నడుస్తాయి. వాయవ్య మూలలో ఏ మొదలై కిందికి బీ, సీ, డీ వస్తాయి, పక్క నిలువు వరుసలో మళ్లీ పైనుంచి ఈ, ఎఫ్, జీ, హెచ్. ఒక్కో అక్షరం చదరాన్ని మళ్లీ 15 నిమిషాల చొప్పున 16 ముక్కలు చేసి 1 నుంచి 16 దాకా నంబర్లు వేశారు. అవీ అంతే, పైనుంచి కిందికి.

నరసాపురం తీసుకుందాం. ఫోనులో మ్యాపు తెరిచి ఊరి మీద వేలు నొక్కి పట్టుకుంటే సుమారు 16.43, 81.70 అని వస్తుంది. దశాంశాన్ని 60తో గుణిస్తే నిమిషాలు. అంటే 16 డిగ్రీల 26 నిమిషాలు, 81 డిగ్రీల 42 నిమిషాలు. రేఖాంశం 81, 82 మధ్య ఉంది కాబట్టి రెండో నిలువు వరుస. అక్షాంశం 16, 17 మధ్య, అంటే అట్టడుగు గడి. కాబట్టి హెచ్. ఇక 42వ నిమిషం 30కీ 45కీ మధ్య ఉంది కనుక మూడో నిలువు వరుస, అంటే 9 నుంచి 12. పైనుంచి లెక్కపెడితే 26వ నిమిషం మూడో గడిలో పడుతుంది. 65 హెచ్/11. నరసాపురం షీటు అదే, అంతర్వేది కూడా అందులోనే వస్తుంది.

కొన్ని ఊళ్లు సరిగ్గా గీత మీదే పడతాయి. రాజమండ్రి 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి 65 జీ/16, 65 హెచ్/13 రెండూ కావాలి. అమలాపురం 82 డిగ్రీల రేఖాంశాన్ని ఆనుకుని ఉంది, దానికి 65 హెచ్/14, 65 ఎల్/2. కాకినాడకు 65 ఎల్/1తో పాటు పోర్టు వైపు 65 ఎల్/5. మీ ఊరు అంచుకు దగ్గరగా ఉంటే పక్క షీటు కూడా తెచ్చుకోండి. నది ఒక్క షీటులో ఇమడదు.

ఈ ముక్క ఒక్కొక్కటి దాదాపు 27 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న నేలను చూపిస్తుంది. పాత రోజుల్లో స్కేలు అంగుళానికి మైలు, అంటే 1:63,360. మెట్రిక్ పద్ధతికి మారాక 1:50,000. అక్షరంతో ఆగిపోయిన షీటు, అంటే ఒట్టి 65 హెచ్, పూర్తి డిగ్రీ షీటు. దాని స్కేలు అంగుళానికి 4 మైళ్లు, తర్వాతి రోజుల్లో 1:2,50,000. ఊరి స్థాయి పనికి అది చాలదు గాని, నది పాయలన్నీ ఒక్క చూపులో చూడాలంటే అదే బాగుంటుంది.

ఎక్కడ దొరుకుతాయి

నేటి మ్యాపుతో మొదలుపెట్టండి. 2005 నాటి జాతీయ మ్యాపు విధానం షీట్లను రెండు రకాలు చేసింది. ఒకటి రక్షణ అవసరాలకు, రెండోది అందరికీ ఓపెన్ సిరీస్. ఈ ఓపెన్ సిరీస్ 1:50,000 షీట్లను సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాపుల పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ఉచితంగా దించుకోవచ్చు. వీటి నంబర్లు వేరే పద్ధతిలో ఉంటాయి, మన ప్రాంతానివి ఈ44తో మొదలవుతాయి. పోర్టల్‌లో ఊరి పేరుతో గాని, మ్యాపు మీద నొక్కి గాని వెతికితే సరిపోతుంది.

1950ల నాటి చిత్రం కావాలంటే అమెరికా సైన్యం మ్యాపుల విభాగం తయారుచేసిన 1:2,50,000 షీట్లు ఉన్నాయి. సిరీస్ పేరు యూ502. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం పెరీ కాస్టనెడా లైబ్రరీ వీటిని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. మన డెల్టా షీట్ల నంబరు ఎన్‌ఈ 44తో మొదలవుతుంది. వీటికి ఆధారం చాలావరకు అంతకు ముందరి సర్వే ఆఫ్ ఇండియా షీట్లే. కాబట్టి మ్యాపు మీద 1950ల తేదీ ఉన్నా, అందులో కనిపించే నది అంతకంటే పాతది కావచ్చు. ఈ సంగతి మళ్లీ చెబుతాను, చాలా ముఖ్యం.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు మొదటి చోట, ఇండియా ఆఫీసు మ్యాపులు రెండో చోట ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఉన్న డేవిడ్ రమ్జీ పాత మ్యాపుల సంగ్రహంలో కూడా వెతికి చూడండి. దగ్గర్లో ఉన్నవాళ్లు విశ్వవిద్యాలయాల జాగ్రఫీ, జియాలజీ విభాగాల్లో అడగండి. కాలువల మ్యాపుల కోసం జలవనరుల శాఖ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది, ఆనకట్ట కథ కళ్లకు కట్టాలంటే అది ఒకసారి చూడాలి.

వెతికేటప్పుడు పాత పేర్లు కావాలి. ఇంగ్లిషువాళ్లు కాకినాడను కోకనాడ అని, ఏలూరును ఎల్లోర్ అని, మచిలీపట్నాన్ని మసులిపటం అని రాసుకున్నారు. బండమూర్లంక, ఇంజరం, మాధవాయపాలెం లాంటి చోట్ల ఈస్టిండియా కంపెనీ వ్యాపార కేంద్రాలుండేవి కనుక పాత మ్యాపుల్లో ఇవి నేటి పట్టణాల కంటే పెద్ద అక్షరాలతో కనిపించవచ్చు. జిల్లా పేరు కూడా మారుతూ వచ్చింది. 1859లో గోదావరి జిల్లా ఏర్పడింది. 1925లో కృష్ణా జిల్లా నుంచి పశ్చిమ గోదావరి విడిపోయింది, గోదావరి జిల్లా పేరు తూర్పు గోదావరి అయింది. 2022 ఏప్రిల్‌లో కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాలు వచ్చాయి. కేటలాగులో నేటి జిల్లా పేరు కొడితే ఏమీ రాదు.

తేదీ ఏదో తేల్చండి

షీటు చేతికొచ్చాక మొదట చూడాల్సింది నదిని కాదు, అంచున ఉన్న చిన్న అక్షరాలను. అక్కడ రెండు మూడు తేదీలుంటాయి. సర్వే చేసిన సంవత్సరం ఒకటి, అచ్చువేసిన సంవత్సరం ఒకటి, ఏవైనా సవరణలు చేస్తే ఆ సంవత్సరం ఒకటి. మీకు కావాల్సింది సర్వే చేసిన సంవత్సరం. సవరణ అంటే చాలాసార్లు రోడ్లు, రైళ్లు, జిల్లా హద్దులు కొత్తగా దిద్దడమే, నది గట్టును మళ్లీ కొలవడం కాదు. కొన్ని షీట్ల మీద ఏ భాగం ఎప్పుడు సర్వే చేశారో చూపే చిన్న బొమ్మ కూడా ఉంటుంది. నది ఒక గట్టు ఒక ఏట, రెండో గట్టు ఇంకో ఏట కొలిచి ఉండవచ్చు.

అంచు చిరిగిపోయిన కాగితమో, అంచు కత్తిరించిన స్కానో దొరికితే మ్యాపులోని కట్టడాలే తేదీ చెబుతాయి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆనకట్ట, దాని కాలువలు లేకుంటే మ్యాపు అంతకు ముందుది. రాజమండ్రి, కొవ్వూరు మధ్య హేవలాక్ వంతెన మీద 1900లో రైళ్లు మొదలయ్యాయి. రోడ్డు కం రైలు వంతెన 1974లో వచ్చింది. ఒక్క వంతెనే కనిపిస్తే మీ మ్యాపు ఆ రెండు తేదీల మధ్యది. కాకినాడ నుంచి కోటిపల్లికి వేసిన రైలు దారి ఇంకా మంచి గుర్తు. 1928లో వేసి, రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని 1940లో పీకేశారు, మళ్లీ 2004లో రైలు నడిచింది. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన 2002లో వచ్చింది, అంతకు ముందరి మ్యాపులో అక్కడ రేవు గుర్తు ఉండాలి.

పాత షీట్ల అంచున మరో వాక్యం కూడా వెతకండి. రేఖాంశాన్ని కొంత తగ్గించి చదువుకోవాలని సూచించే వాక్యం అది. 19వ శతాబ్దపు సర్వే, రేఖాంశానికి మద్రాసు అబ్జర్వేటరీని ఆధారం చేసుకుంది. ఆ అబ్జర్వేటరీకి అప్పట్లో ఇచ్చిన విలువ నిజానికి సుమారు రెండున్నర నిమిషాలు ఎక్కువ. మన అక్షాంశంలో అది 4 కిలోమీటర్ల పైచిలుకు. ఈ సంగతి తెలియకపోతే ఊరంతా నదితో సహా పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది.

డెల్టా షీటు చదివే పద్ధతి

రంగులు త్వరగా అలవాటవుతాయి. 1905 తర్వాతి అంగుళం షీట్లు రంగుల్లో వచ్చాయి. నీరు నీలం, ఊళ్లు, రోడ్లు ఎరుపు, సాగు నేల పసుపు, చెట్లు చేమలు ఆకుపచ్చ. నదిలో చుక్కలు చుక్కలుగా ఉన్నది ఇసుక. ఏటిగట్టు పక్కన అంకె వేసి ఇంగ్లిషు ఆర్ అక్షరం చిన్నగా ఉంటే, అది సముద్ర మట్టం నుంచి ఎత్తు కాదు, పక్క నేల మీద గట్టు ఎంత లేచి ఉందో చెప్పే లెక్క. పాత షీటులో అడుగులు, కొత్తదాంట్లో మీటర్లు. మీ ఊరి దగ్గర గట్టు ఒక షీటుకీ మరో షీటుకీ మధ్య ఎంత పెరిగిందో ఈ అంకెలతో తెలుస్తుంది.

ఇప్పుడు నది. ధవళేశ్వరం దిగువన గౌతమి తూర్పుకు, వశిష్ఠ పడమరకు చీలతాయి. కోనసీమలోని పి.గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయలను వేలితో నడుస్తూ మూడు విషయాలు చూడండి. లంకలకు పేరు ఉందా లేదా? పేరున్న లంక అంటే సర్వేవాళ్లు వచ్చేనాటికే జనం ఎరిగినది. లంక మీద ఇళ్లున్నాయా, సాగు ఉందా, ఒట్టి ఇసుకేనా? ఇసుక నుంచి గడ్డికి, గడ్డి నుంచి సాగుకు మారడం లంక నిలదొక్కుకున్న వరస. ఇక రేవులు. రేవు రెండు గట్లనూ కలుపుతుంది కాబట్టి అవతలి రేవు ఊరి పేరు కూడా రాసుకోండి. గట్టు కోసుకుపోతే ముందు కదిలేది రేవే.

నది నుంచి కొంచెం దూరంగా, పొలాల మధ్య వంకర తిరిగి ఆగిపోయిన నీలి ముక్కలు, వరుసగా ఉన్న చెరువులు, మురుగు కాలువలు కనిపిస్తే వాటిని పెన్సిలుతో కలిపి చూడండి. చాలాసార్లు అవి నది వదిలేసిన పాత దారి. గట్టు తెగినప్పుడు నీరు ముందుగా అలాంటి పల్లాల్లోకే దిగుతుంది. 1953, 1986 వరదలు చూసిన పెద్దలు మీ ఊళ్లో ఉంటే, ఈ వరసను మ్యాపు మీద చూపించి నీళ్లు ఎటు నుంచి వచ్చాయో అడగండి. ఊరికి ఈ మ్యాపుల వల్ల కలిగే మేలు నా లెక్కలో ఇదే అన్నిటికంటే పెద్దది. కొత్త లేఅవుట్లు ఆ పల్లాల్లోనే లేస్తున్నాయి.

సముద్రానికి దగ్గరపడే కొద్దీ ఊళ్లు తీరానికి సమాంతరంగా సన్నటి వరసల్లో కనిపిస్తాయి. వాటి వెంట తాటిచెట్లు, సరుగుడు గుర్తులు. అవి పాత సముద్ర తీరాల ఇసుక మెరకలు. డెల్టా ముందుకు పెరుగుతూ ఒక్కో తీరాన్ని వెనక వదిలేసింది. మెరక మీద ఊరు, రెండు మెరకల మధ్య వరి. కోరింగ వైపు మడ అడవులు, ఉప్పుటేర్లు, వాటికి ఎదురుగా హోప్ ఐలాండ్. నది తెచ్చిన ఇసుక రెండు వందల ఏళ్లలో పేర్చిన దీవి అది. ఏ నాటి మ్యాపులో దాని కొస ఎక్కడి దాకా ఉందో చూడటం ఆసక్తిగా ఉంటుంది. అదే తీరంలో కొంచెం ఉత్తరాన ఉప్పాడ కోతతో తగ్గిపోతూ వస్తోంది.

నేటి మ్యాపు మీద పరచడం

దీనికి క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్ చాలు. అందులో జియోరెఫరెన్సర్ (స్కాన్ బొమ్మను భూమి మీద దాని అసలు చోటికి కూర్చోబెట్టే పనిముట్టు) తెరిచి స్కాన్ చేసిన మ్యాపును ఎక్కించండి. మ్యాపు నాలుగు మూలల్లో డిగ్రీలు, నిమిషాలు అచ్చై ఉంటాయి. ఒక్కో మూల మీద నొక్కి ఆ అంకెలు ఇవ్వండి. లోపలి గీతలు కలిసే చోట్ల కూడా కొన్ని బిందువులు పెడితే కాగితం ముడతల ప్రభావం తగ్గుతుంది.

ఇక్కడ చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. పాత షీట్లు ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి అప్పట్లో వాడిన లెక్క) మీద, కల్యాణ్‌పూర్ అనే చోటును మూల బిందువుగా తీసుకుని గీసినవి. ఫోనులోని జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే నేటి లెక్క. రెండిటికీ మన ప్రాంతంలో 200 మీటర్లకు పైగా తేడా వస్తుంది. గట్టు కోతను కొలిచే పనిలో ఇది చిన్న తేడా కాదు. అందుకని మూలల అంకెలు ఇచ్చేటప్పుడు కోఆర్డినేట్ పద్ధతిగా కల్యాణ్‌పూర్ 1975, అంటే సాఫ్ట్‌వేర్ జాబితాలో ఈపీఎస్‌జీ 4146 అనే నంబరున్నది ఎంచుకోండి. ఆ తర్వాత దాన్ని డబ్ల్యూజీఎస్ 84కి, ఈపీఎస్‌జీ 4326కి మార్చమనండి. నేటి ఓపెన్ సిరీస్ షీట్లు ముందే డబ్ల్యూజీఎస్ 84 మీద ఉంటాయి, వాటికి ఈ మార్పు అక్కర్లేదు.

పరిచాక సరిచూడటం తప్పనిసరి. కదలని వస్తువులు వెతకండి. పాత గుళ్లు, కాలువ లాకులు, హేవలాక్ వంతెన స్తంభాలు బాగా పనికొస్తాయి. నదికి దూరంగా ఉన్న వాటిని కనీసం నాలుగైదు, నాలుగు దిక్కులా తీసుకోండి. అవన్నీ ఒకే వైపు ఒకేలా జరిగి ఉంటే మ్యాపు మొత్తాన్ని అంత జరపవచ్చు. ఒక్కొక్కటి ఒక్కో వైపు పోతుంటే స్కానులో గాని, మీరిచ్చిన మూలల్లో గాని లోపముంది, మళ్లీ చేయాలి.

కొలిచే ముందు

అంగుళం మ్యాపులో ఒక మిల్లీమీటరు నేల మీద 63 మీటర్లు. 1:2,50,000 షీటులో 250 మీటర్లు. గట్టు గీసిన గీత మందమే కొన్నిచోట్ల అర మిల్లీమీటరు. పైన చెప్పిన సరిచూతలో మీ మ్యాపు 80 మీటర్ల తేడా చూపితే, గట్టు 60 మీటర్లు కోసిందని ఆ మ్యాపుతో చెప్పకూడదు. అర కిలోమీటరు జరిగిందని చెప్పొచ్చు. ఈ నిజాయితీ లేకపోతే మిగతా పనంతా వృథా.

ఇంకోటి, కాలం. సర్వే బృందాలు సాధారణంగా వానలు వెళ్లాక, చలికాలం నుంచి వేసవి లోపు పని చేసేవి. అంటే మ్యాపులో కనిపించే ఇసుక తిన్నెలు నీరు తగ్గిన గోదావరివి. పోల్చడానికి ఆగస్టు నాటి ఉపగ్రహ చిత్రం తీసుకుంటే లంకలన్నీ మాయమైనట్టుంటుంది. ఫిబ్రవరి, మార్చి చిత్రమే తీసుకోండి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి. అంతకు ముందరి 1960ల నాటి కొరోనా గూఢచారి ఉపగ్రహ ఫొటోలను అమెరికా 1995లో బయటపెట్టింది. రెండూ అమెరికా భూగర్భ సర్వే సంస్థ (యూఎస్‌జీఎస్) వెబ్‌సైటు ఎర్త్‌ఎక్స్‌ప్లోరర్‌లో వెతకవచ్చు. పాత టోపో షీటుకీ, నేటి చిత్రానికీ మధ్య ఉన్న ఖాళీని ఇవి పూడుస్తాయి.

భూమి తగాదాల కోసం ఈ మ్యాపులు వెతికేవాళ్లకు ఒక హెచ్చరిక. టోపో షీటు ఎవరి భూమి ఎవరిదో చెప్పదు. సర్వే నంబర్లు, హద్దులు గ్రామ పటంలో, ఎఫ్‌ఎంబీలో (పొలం కొలతల పుస్తకం), ఆర్‌ఎస్‌ఆర్‌లో (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) ఉంటాయి. మద్రాసు ప్రెసిడెన్సీ గ్రామ పటాలు మైలుకు 16 అంగుళాల స్కేలు మీద గీసేవారు, అంటే టోపో షీటు కంటే 16 రెట్లు వివరం. టోపో షీటు మీ లంక ఫలానా ఏడాదికి నది మధ్యన ఉందో, గట్టుకు అంటుకుందో చెప్పగలదు. ఆ పై మాట రెవెన్యూ రికార్డుది.

పోలవరం ఎగువన పరిస్థితి వేరు. దేవీపట్నం వైపు ముంపుకు ఖాళీ అయిన ఊళ్ల వీధులు, గుళ్లు, కాలిబాటలు, రేవులు ఒకచోట కనిపించేది పాత షీట్లలోనే. ఆ ఊళ్ల నుంచి పునరావాస కాలనీలకు వెళ్లినవాళ్లు ఇప్పుడే షీటు సంపాదించి, పెద్దవాళ్లను కూర్చోబెట్టి, మ్యాపులో లేని వాగుల పేర్లు, పొలాల పేర్లు దాని మీద రాయించుకోవాలి. డెల్టాలో లంకల పేర్లకూ ఇదే పద్ధతి. పడవలవాళ్లు, పాత కౌలుదార్లు, గట్టు పని చేసినవాళ్లు చెప్పే పేర్లు చాలావరకు అచ్చులోకి ఎక్కలేదు. షీటును పెద్ద సైజులో ప్రింటు తీసి, పైన పారదర్శకమైన కాగితం వేసి, దాని మీద రాయండి. పేరు చెప్పిన వ్యక్తి వయసు, తేదీ పక్కన రాయండి.

దాచేటప్పుడు 400 డీపీఐ టిఫ్ ఫైలుగా స్కాన్ చేయించండి. ఫైలు పేరులో షీటు నంబరు, సర్వే సంవత్సరం పెట్టండి. అంచులు మాత్రం కత్తిరించొద్దు. సర్వే తేదీలు, రేఖాంశం సవరణ, పక్క షీట్ల పట్టిక ఉండేది అక్కడే.